ఎవరి తాళంచెవి వారి జేబులో

లిఫ్టులు బాగుచేసేవాళ్ళకి ఒక నియమం ఉంది. షాఫ్టులోకి, అంటే లిఫ్టు డబ్బా పైకీ కిందికీ తిరిగే ఆ చీకటి గూట్లోకి వెళ్ళే ముందు, మేడ మీద మిషను గదిలో మెయిన్ స్విచ్చు ఆపాలి. దానికి తాళం వేయాలి. ఆ తాళంచెవి, లోపలికి వెళ్ళేవాడే తన జేబులో వేసుకోవాలి. పక్కవాడి చేతిలో పెట్టకూడదు, వాడు ఎంతటి ఆప్తుడైనా సరే. తాళంచెవి జేబులో ఉన్నంతసేపూ లిఫ్టు కదలదు, మనిషికి ఏమీ కాదు. ఇంతకంటే తేలికైన నియమం ఇంకే పనిలోనూ ఉండదనుకుంటాను.

మరి నిచ్చెన దాన్ని ఎందుకు తప్పాడయ్యా అంటే, పక్కనున్నవాడు బావ కాబట్టి.

నిచ్చెన అసలు పేరుతో మనకి పనిలేదు, కంపెనీలో ఎవరికీ ఉండేది కాదు. మనిషి అంత పొడుగు. స్టూలెక్కకుండా ఫ్యాను తుడిచేస్తాడు. అమ్మ పోయాక అక్కే పెంచింది. అక్కకి పెళ్ళైతే ఆవిడతోపాటు పెట్టె సర్దుకుని బావ ఇంటికి వచ్చేశాడు. "పిల్లతో పాటు నిచ్చెన ఉచితం అన్నారు. ఎందుకైనా పనికొస్తుంది కదా అని ఒప్పుకున్నా" అని బావ ఊరందరికీ చెప్పేవాడు. "మా అక్క కళ్ళజోడు ఆ రోజు ఇంట్లో మర్చిపోయింది, లేకపోతే నీకు పెళ్ళెక్కడిది బావా" అని వీడు అందుకునేవాడు. లిఫ్టు పని నేర్పింది బావే. ఇద్దరూ ఒక జట్టు. పొద్దున సంచీలు భుజాన వేసుకుని బయల్దేరారంటే, సాయంత్రం దాకా ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే ఉండేవారు. వాళ్ళు పనిచేసే భవనంలో నాలుగు అంతస్తుల కింద నిలబడ్డా ఆ నవ్వులు వినబడేవి.

పనిలో చేరిన కొత్తలో నిచ్చెన బుద్ధిగా తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. బావ గుండె మీద చెయ్యి పెట్టుకుని గోడకి చేరగిలబడిపోయాడు. "చూశారా, నా పెళ్ళాం తమ్ముడు నన్ను నమ్మట్లేదు. నేను బతికెందుకు?" అన్నాడు. ఉత్త హాస్యమే. కానీ నిచ్చెనకి ఏదోలా అనిపించింది. అన్నం పెట్టి, పని నేర్పినవాడి ముందు తాళంచెవి దాచుకోవడం ఏం మర్యాద? మర్నాడు తనే తాళం వేసి, తాళంచెవి బావ చేతిలో పెట్టాడు. "నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే కదా" అన్నాడు. బావ నవ్వి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచీ అదే వాళ్ళ అలవాటు. కంపెనీలో మిగతా జట్లన్నీ నియమం పాటించేవి, ఎందుకంటే వాళ్ళకి ఒకరంటే ఒకరికి అంత ప్రేమ లేదు.

ఆ రోజు నిచ్చెన లిఫ్టు డబ్బా మీద కూర్చుని పనిచేస్తున్నాడు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య. డబ్బా మీద కూడా ఒక ఆపే స్విచ్చు ఉంటుంది, అది పాడైతే దాన్ని బాగుచేయడానికే ఎక్కాడు. ఎడమకాలు అంచు నుంచి కిందికి వేలాడేసుకున్నాడు. మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచిపెట్టి ఉంది. ఆ అంతస్తులో కాపురముండే ఎవరో, గాలికి దుమ్ము వస్తోందని, ఆ తలుపు లాగి మూసేశారు. ధన్‌మని చప్పుడైంది. నిచ్చెన పని ముగించి బయటికి వచ్చేటప్పుడు తలుపు అలాగే గట్టిగా వేస్తాడు. పైన మిషను గదిలో ఉన్న బావ ఆ చప్పుడు విన్నాడు. వచ్చేశాడులే అనుకున్నాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు.

మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

విచారణకి వచ్చిన ఆఫీసరు ఆసుపత్రి మంచం పక్కన కుర్చీ వేసుకుని, తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగాడు. బావ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెప్పబోయినట్టు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. నిచ్చెన అటు చూశాడు. అక్క సంసారం కళ్ళముందు తిరిగింది. "నా జేబులోనే ఉందండీ. పని అయిపోయిందనుకుని నేనే పైకెళ్ళి స్విచ్చు వేశాను. తర్వాత ఏదో మర్చిపోయి మళ్ళీ దిగాను. తాళంచెవి షాఫ్టులో ఎక్కడో పడిపోయి ఉంటుంది" అన్నాడు. ఆఫీసరు రాసుకుని వెళ్ళిపోయాడు. బావ అక్కడే నిలబడ్డాడు. ఇద్దరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మంచితనం అనుకున్నాడు నిచ్చెన. ఎంత అమాయకుడో చూడండి.

కంపెనీవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వైద్యం దగ్గరుండి చూసుకున్నారు, పెట్టుడు కాలు చేయించారు, స్టోరు గదిలో కూర్చుని చేసే పని ఇచ్చారు. కానీ ఆ మంచితనంలోనే ఏదో తేడా ఉండేది. నిచ్చెన కనబడగానే గొంతులు తగ్గిపోయేవి. బోల్టులు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు పిల్లి అడుగులేసుకుంటూ వచ్చి, "మీరు కూర్చోండి, కూర్చోండి, నేను తీసుకుంటా" అనేవారు. నిన్నటిదాకా ఒరేయ్ అన్నవాళ్ళు! నిచ్చెన అని పిలవడం అందరూ ఒక్కసారే మానేశారు, మీటింగు పెట్టుకుని తీర్మానం చేసినట్టు. కాలు పోయినవాడిని నిచ్చెన అంటే బాధపడతాడని వాళ్ళ భయం. ఉన్న కాలు ఎలాగూ పోయింది, పేరు కూడా పట్టుకుపోయారే అని వీడి ఏడుపు.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది బావ. కొత్త కాలు తొడుక్కుని ఇంట్లో మొదటిసారి నడిచిన రోజు, బావ ఏదో ఒకటి అంటాడని నిచ్చెన ఎదురుచూశాడు. "ఇన్నాళ్ళకి ఒక కాలైనా బుద్ధిగా నడుస్తోంది" అనో, "అక్కా తమ్ముళ్ళకి చెప్పులు ఇకనుంచి మూడు కొంటే చాలు" అనో. ఏదన్నా సరే, నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. బావ ఆ కాలు వంక చూసి, "బాగుంది" అని, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నిచ్చెన గోడ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. లేని పాదం వేళ్ళు దురద పెట్టాయి. గోక్కుందామంటే అక్కడ ఏమీ లేదు.

రోజులు గడిచేకొద్దీ వాడికి దేని మీదా మనసు లేకుండా పోయింది. గడ్డం గీసుకోవడం మానేశాడు. కంచం ముందు కూర్చుని కెలికి లేచేవాడు. ఎక్కడో తలుపు ధన్‌మంటే చాలు, ఒళ్ళంతా చెమటలు పట్టి, ఊపిరి అందేది కాదు. లిఫ్టు కనబడితే దూరం నుంచే తప్పుకునేవాడు. లిఫ్టుల మధ్యే బతికినవాడికి ఇంతకంటే సిగ్గుచేటు ఉందా? నేను లేకపోతే ఈ ఇల్లు మళ్ళీ మామూలుగా నవ్వుకుంటుందేమో అని ఒకటి రెండుసార్లు అనిపించింది కూడా. అలా అనిపించినందుకు భయమేసింది.

అప్పుడు కంపెనీ వాడిని ఆసుపత్రిలో ఒక కౌన్సిలర్ దగ్గరికి పంపింది. మందూ లేదు, సూదీ లేదు, ఉత్త మాటలే కాబట్టి పనివాళ్ళు ఆవిడకి మాటల డాక్టరని పేరు పెట్టారు. ఆవిడ గది నాలుగో అంతస్తులో ఉంది. నిచ్చెన లిఫ్టు ఎక్కడు కదా, పెట్టుడు కాలితో మెట్లెక్కడం మొదలుపెట్టాడు. రెండో అంతస్తు చేరేసరికి ఒరుసుకుపోయిన చోట నెత్తురొచ్చింది. అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. టైమైనా మనిషి రాలేదేమని వెతుక్కుంటూ మెట్లు దిగి వచ్చిన మాటల డాక్టరు వాడిని చూసింది. పక్కన మెట్టు మీద తనూ కూర్చుంది.

"పైవారం నుంచి మీరు ఎక్కొద్దు, నేనే కిందికి వస్తా. నాకూ కాస్త ఒళ్ళు తగ్గాలి" అంది.

అప్పటినుంచీ వాళ్ళ మాటలన్నీ కింద, మొదటి మలుపు దగ్గర మెట్ల మీదే. జనం పైకీ కిందికీ వెళ్తుంటే ఇద్దరూ కాళ్ళు ముడుచుకుని దారిచ్చేవారు. నిచ్చెన ఆవిడకి చాలా చెప్పాడు. లేని వేళ్ళ దురద చెప్పాడు, తలుపు చప్పుడు చెప్పాడు, నేను లేకపోతే బాగుణ్ణు అనిపించడమూ చెప్పాడు. ఆవిడ కంగారుపడలేదు, అలా అనిపించిన ప్రతిసారీ తనకి ఫోను చేయాలని మాట తీసుకుంది. వాడికి కొంచెం ఊపిరి తిరిగింది. కానీ ఆ రోజు సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "నా తప్పే మేడమ్, నేనే మర్చిపోయాను" అని, అప్పజెప్పినట్టు చెప్పి ఊరుకునేవాడు. నిజం చెబితే బావ ఉద్యోగం పోతుంది, అక్క ఇల్లు కూలుతుంది. చెప్పకపోతే ఆ ఒక్క ముల్లూ లోపలే ఉండిపోతుంది. ముల్లు లోపలుంచుకుని పైన ఎంత మందు రాసి ఏం లాభం?

అలా ఉండగా సూపర్‌వైజరుకి ఒక ఆలోచన వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళకి భద్రత గురించి మీటింగు పెట్టారు. అందులో నిచ్చెన చేతే చెప్పిద్దామన్నాడు. "నీ నోటితో నువ్వే చెబితే నీకూ బరువు దిగుతుంది, వాళ్ళకీ బుద్ధి వస్తుంది" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు.

మాటల డాక్టరుకి ఆ సంగతి చెబితే, "మీకు ఇష్టమేనా?" అంది.

"ఇష్టమే మేడమ్."

"ఇష్టమంటున్నారు, మరి ఆ కమ్మీని ఎందుకంత గట్టిగా పట్టుకున్నారు?"

నిచ్చెన మెట్ల కమ్మీ మీంచి చెయ్యి తీసేశాడు. అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది.

మీటింగు రోజున హాలు నిండా జనం. కొత్తవాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు. బావ చివర గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిచ్చెన మైకు ముందుకి వెళ్ళాడు. నీళ్ళు తాగాడు. బావ వైపు చూశాడు. ఒక్కసారి తలెత్తు బావా, అనుకున్నాడు. ఒక్కసారి నా కళ్ళలోకి చూడు, నేను చెప్పేది అబద్ధమని మనిద్దరికైనా తెలుసని చూడు, అంతే చాలు. బావ నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు.

"తాళంచెవి నా జేబులోనే ఉంది. నా నిర్లక్ష్యం వల్లే నా కాలు పోయింది. మీరెవరూ నాలాగా చేయకండి" అన్నాడు నిచ్చెన.

అంతే, అందరూ చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజరు లేచి నిలబడి మరీ కొట్టాడు. చివరి గోడ దగ్గర బావ కూడా చేతులు విప్పి, అందరూ చూస్తున్నారని రెండుసార్లు కొట్టాడు. కాలు నలిగిన రోజున కూడా నిచ్చెన అంత నొప్పి ఎరగడు.

ఇంటికి వచ్చేసరికి అక్క వంటింట్లో ఉంది. తమ్ముడి ముఖం చూసి స్టవ్వు ఆపేసింది. వాడు పీట మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నాడో చెప్పలేదు. ఆవిడా అడగలేదు. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి, బీరువా అడుగున చీరల మడతల్లోంచి ఏదో తెచ్చి వాడి ముందు పెట్టింది.

ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ ఉన్న తాళంచెవి. బిళ్ళ మీద వాడే మేకుతో గీసుకున్న నిచ్చెన బొమ్మ.

"నీకు కాలు తీసిన రోజున మీ బావ నెత్తుటి బట్టలతో ఇంటికొచ్చాడు. నానబెడదామని ప్యాంటు జేబులు తడిమితే ఇది దొరికింది. నువ్వేమో నా జేబులోనే ఉందని ఆఫీసరుకి చెప్పావట" అంది అక్క.

నిచ్చెన తలెత్తాడు. "అయితే నీకు ఇన్నాళ్ళూ తెలుసా?"

"తెలుసురా."

"మరి అడగలేదేం?"

"ఎవర్ని అడగను? ఒకడు తమ్ముడు, ఒకడు మొగుడు. అడిగితే ఎవరి పక్కన నిలబడాలి? మీ ఇద్దర్లో ఎవరో ఒకరు నోరు విప్పకపోతారా అని చూశాను. విప్పితే ఒట్టు!" అక్క కళ్ళు తుడుచుకుంది. "బావని కాపాడాననుకుంటున్నావు కదూ? ఆయన మంచమెక్కి పడుకోవడం లేదు, ఆ సంగతి తెలుసా? కుర్చీలో కూర్చునే తెల్లారుస్తున్నాడు. నువ్వు తిట్టలేదు, కొట్టలేదు, కేసు పెట్టలేదు. తప్పంతా నీ నెత్తినే వేసుకున్నావు. ఆ మనిషికి కనీసం ఏడవడానికైనా వీల్లేకుండా చేశావు కదరా!"

నిచ్చెన ఆ తాళంచెవి గుప్పిట్లోకి తీసుకున్నాడు. బావ వచ్చిన అలికిడైంది. లోపలికి రాకుండా వీధి గుమ్మం మెట్టు మీదే చతికిలబడ్డాడు. ఈమధ్య అదే ఆయన చోటు. నిచ్చెన గోడ పట్టుకుంటూ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. గుప్పిట విప్పి చూపించాడు.

బావ దాన్ని చూశాడు. ముట్టుకోలేదు. పాముని చూసినట్టు కొంచెం వెనక్కి జరిగాడు.

"ఇది నీ జేబులోది బావా" అన్నాడు నిచ్చెన.

బావ అవునన్నట్టు తలూపాడు.

"నేనింకా లోపలే ఉన్నాను. నువ్వు ఒక్క కేక వేసి ఉంటే ఉన్నానని చెప్పేవాణ్ణి. నువ్వు కేకెయ్యలేదు. నా కాలు తీసేశావు బావా." ఇన్నాళ్ళూ లోపల కుళ్ళిన మాట బయటికొచ్చేసరికి నిచ్చెనకి ఒళ్ళంతా తేలిపోయినట్టయింది. కోపం ఇంత ఉందని వాడికే తెలియదు. "పైగా ఇవాళ చప్పట్లు కొట్టావు!"

బావ మోకాళ్ళ మీదికి వంగిపోయి ఏడ్చాడు. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. "తిట్టరా" అన్నాడు. "తిట్టు. ఇంకా తిట్టు. ఆ రోజు నుంచీ నువ్వెప్పుడు తిడతావా అని చూస్తున్నాను. బావని నమ్మట్లేదని ఆ వెధవ హాస్యం ఆడింది నేను. తాళంచెవి నీ జేబులోంచి లాక్కున్నది నేనేరా."

నిచ్చెన తిట్టాడు. తెలిసిన తిట్లన్నీ తిట్టాడు. తిడుతూ తిడుతూ బావ మెడ చుట్టూ చెయ్యి వేశాడు, ఆ చెయ్యి మాత్రం తీయలేదు. గుమ్మంలో అక్క నిలబడి చూస్తోంది. ఏ ఒక్కరి పక్కనా నిలబడాల్సిన పని లేకుండా, ఇద్దరి వెనకా కూర్చుంది.

మర్నాడు బావే వెళ్ళి మేనేజరుకి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇలాంటి వాటికి సుఖాంతాలు ఉండవు. మేనేజరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. అందరి చేతా అబద్ధానికి చప్పట్లు కొట్టించారని ఇద్దరికీ గట్టిగా అక్షింతలు పడ్డాయి. బావని లిఫ్టు పని నుంచి తీసేశారు. మళ్ళీ ఆ పని చేయడానికి వీల్లేదని రాసిచ్చారు. అక్క ఇంటి ఖర్చులు తగ్గించింది, తను కూడా పని వెతుక్కుంటోంది. నిచ్చెన కాలు ఎలాగూ మళ్ళీ రాదు. తలుపు ధన్‌మంటే ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. స్టోరులో మాత్రం ఒకడు మర్చిపోయి, "ఒరేయ్ నిచ్చెనా, ఆ పైఅరలో బేరింగు అందుకో" అనేశాడు. అని నాలిక కరుచుకున్నాడు. నిచ్చెన లేచి అందించాడు.

ఆ వారం ఆసుపత్రికి బావ కూడా వెంట వచ్చాడు. నిచ్చెన ఎప్పటిలాగే మొదటి మలుపు దాకా ఎక్కి కూర్చున్నాడు. మాటల డాక్టరు పైనుంచి దిగి వచ్చింది. బావ కింద, మెట్ల మొదట్లోనే, సంచీ గుండెలకి హత్తుకుని నిలబడిపోయాడు. మనిషి సగమైపోయి, చొక్కా వదులుగా వేలాడుతోంది.

"ఆయన మీతో వచ్చారా?" అని ఆవిడ అడిగింది.

"మా బావ మేడమ్" అన్నాడు నిచ్చెన.

బావ నాలుగు మెట్లెక్కి ఆగాడు. తప్పు చేసిన పిల్లాడిలా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"నాకేం దెబ్బ తగల్లేదు మేడమ్, తగిలింది వాడికి" అన్నాడు. "నేను కూడా కూర్చోవచ్చా?"

మాటల డాక్టరు గోడవైపు జరిగింది. నిచ్చెన తన పెట్టుడు కాలిని రెండు చేతులతో ఎత్తి ఇవతలికి పెట్టుకుని, మెట్టు మీద బావకి చోటిచ్చాడు.